ఏడో నంబరు గుట్ట

2023 జులై 27 వానను ఉమ్మడి వరంగల్ జిల్లా జనం తారీఖుతో సహా గుర్తుపెట్టుకున్నారు. ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5. మోరంచవాగు తెల్లారేసరికి మోరంచపల్లిని ముంచేసింది. డాబాలెక్కిన జనాన్ని దించడానికి సైన్యం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్నవాగు మనుషులను మింగింది. రెండు రోజుల తర్వాత వరంగల్ నగరం నడిబొడ్డున, పోతననగర్ వైపు, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. ఇసుక బస్తాలు, మట్టి, పరుగులు, కింది కాలనీల ఖాళీ. ఆ వారమంతా ఎవరి నోట విన్నా కట్టల మాటే. ఏ కట్ట నిలుస్తుంది, ఏది తెగుతుంది, ఏ మత్తడి పూడిపోయింది అని.

భూపాలపల్లిలో ఇంకోరకం కట్టలున్నాయి. వాటి గురించి ఆ వారం ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. కాకతీయ గనుల ఓపెన్‌కాస్టుల పక్కన సింగరేణి పోసిన మట్టి గుట్టలు అవి. ఓవర్ బర్డెన్ అనే పేరును గని కార్మికులు ఓబీ అని రెండక్షరాలకు కుదించుకున్నారు. ఒక టన్ను బొగ్గు తీయాలంటే అయిదారు ఘనపు మీటర్ల మట్టీ రాయీ ఎత్తిపోయాల్సిన గనులు సింగరేణిలో ఉన్నాయి. ఆ మట్టి ఎక్కడికి పోతుంది? డంపర్లెక్కి పక్కకే పోతుంది. ఒకవైపు గొయ్యి, దాని పక్కనే గుట్ట. తెలంగాణ ఉద్యమ కాలంలో 'బొందలగడ్డ' అని తిట్టింది ఈ గొయ్యినే. గుట్టను ఎవరూ తిట్టలేదు, అది చూడ్డానికి కొండలాగే ఉంటుంది మరి. నాలుగు వానలు పడితే గడ్డి మొలుస్తుంది, మేకలు ఎక్కుతాయి.

కొండకు, పోసిన గుట్టకు తేడా నీళ్లు వచ్చినప్పుడు బయటపడుతుంది. కొండ లక్షల ఏళ్లుగా తన బరువుకు తాను సర్దుకుని ఉంటుంది. గుట్టకు అంత వయసు లేదు. దాని కడుపులో రాళ్ల మధ్య సందులుంటాయి, బంకమట్టి పొరలుంటాయి, కింద ఒకప్పటి పొలం రేగడి ఉంటుంది. వాన నీరు గుట్ట మీద పడి మట్టిని కోసుకుంటూ దిగుతుంది. ఆ బురద నీరు నేరుగా వాగులో కలవకుండా గుట్ట చుట్టూ కాలువ తవ్వుతారు, దాన్ని గార్లాండ్ డ్రెయిన్ అంటారు. ఆ కాలువ నీటిని ఒక మడుగులోకి మళ్లిస్తారు. అక్కడ బురద అడుక్కి పేరుకుంటుంది, తేట నీరు బయటికి పోతుంది. ఇదే సెట్లింగ్ పాండ్. కాగితం మీద చక్కని ఏర్పాటు. కానీ ఆ మడుగు గుట్ట పాదానికి మరీ దగ్గరైతే, లేదా పూడిక తీయక నిండిపోతే, వాగును కాపాడాల్సిన నీళ్లే గుట్ట కాలు కిందికి చేరతాయి. కాలు మెత్తబడిన గుట్ట ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే మన దగ్గర కాదు, వేల్స్‌లోని ఒక చిన్న లోయకు వెళ్లాలి.

ఆ ఊరి పేరు అబర్‌వాన్. టాఫ్ నది లోయలో బొగ్గు గని చుట్టూ పుట్టిన ఊరు. మన యైటింక్లయిన్ కాలనీ ఎలా పుట్టిందో అలాగే. అబ్బలు బాయిలోకి దిగుతారు, పిల్లలు బడికి పోతారు. ఆ గని పేరు మెర్తిర్ వేల్. గని నుంచి వచ్చిన చెత్తరాయినీ, బొగ్గు కడిగాక మిగిలిన సన్నని బురదనూ ఊరి పైన కొండ మీద కుప్పలుగా పోసేవాళ్లు. ఒకటి నిండితే ఇంకోటి. అలా ఏడో నంబరు గుట్ట 1958లో మొదలైంది.

ఆ చోటు ఎలా ఎంపికైందంటే, గని అధికారులు ఇద్దరు కొండెక్కి ఒక చుట్టు తిరిగి ఇక్కడ అన్నారు, అంతే. సర్వే లేదు, తవ్వి చూసింది లేదు. అక్కడ ఊట ఉందని, చిన్న వాగు పారుతుందని ప్రభుత్వ పటాల్లో గీసే ఉంది. ఊళ్లోవాళ్లకు పటం కూడా అక్కర్లేదు, వాళ్లు చిన్నప్పుడు ఆడుకున్నది ఆ వాగులోనే. దాని మీదే గుట్ట పోశారు. 1966 నాటికి దాని ఎత్తు 111 అడుగులు. అందులో 2,97,000 ఘనపు గజాల సరుకు, దాంట్లో 30,000 దాకా కడిగిన బురద. సరిగ్గా దాని కిందికి పాంట్‌గ్లాస్ ప్రాథమిక పాఠశాల.

తెలియక జరిగిందని అనడానికి వీల్లేదు. 1939లో అక్కడికి అయిదు మైళ్ల దూరంలో అబర్‌కైనన్ దగ్గర ఇలాంటి గుట్టే జారి రోడ్డును, నదిని పూడ్చేసింది. ఆ తర్వాత ఒక ఇంజినీరు, గుట్టలు ఎందుకు జారతాయి, నీళ్లున్న చోట ఎందుకు పోయకూడదు అని ఒక నివేదిక రాశాడు. ఆ కాగితం కంపెనీ బీరువాలోకి పోయింది. గనులు జాతీయమై జాతీయ బొగ్గు బోర్డు చేతికొచ్చాయి, కాగితం బీరువాలోనే ఉంది. 1944లో అబర్‌వాన్‌లోనే నాలుగో నంబరు గుట్ట జారింది. 1963లో ఏడో నంబరు గుట్టే ఒకసారి జారింది. అదే ఏడు స్థానిక పురపాలక ఇంజినీరు, బడి వెనక బొగ్గు బురద పోయడం ప్రమాదమని బోర్డుకు రాశాడు. ఆ మరుసటి ఏడు ఒక కౌన్సిలరు, గుట్ట కదిలితే బడికే ముప్పని సభలో హెచ్చరించింది. 1965లో బడి చుట్టూ బురద నీళ్లు నిలుస్తున్నాయని ఇద్దరు తల్లులు అర్జీ రాసిస్తే, ప్రధానోపాధ్యాయురాలు దాన్ని తీసుకెళ్లి కౌన్సిల్‌కు అందజేసింది.

1966 అక్టోబరు మొదటి మూడు వారాల్లో అక్కడ కురిసిన వాన ఆరున్నర అంగుళాలు, అంటే 165 మిల్లీమీటర్లు. లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో పడింది దానికి దాదాపు నాలుగింతలు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే ఈ కథ రాయాలనిపించింది.

అక్టోబరు 21, శుక్రవారం. మధ్యంతర సెలవులకు ముందు చివరి బడి రోజు. లోయ నిండా మంచు, యాభై గజాలు దాటితే ఏమీ కనబడటం లేదు. కొండ పైన మాత్రం ఎండ. ఉదయం ఏడున్నరకు గుట్ట మీద పని చేసే కూలీలు వెళ్లేసరికి గుట్ట కొస పది అడుగులు కుంగి ఉంది. క్రేన్ నడిచే పట్టాల్లో కొంతభాగం గోతిలో పడిపోయింది. ఫోన్ చేద్దామంటే తీగను ఎవరో దొంగిలించారు. ఒకడు నడుచుకుంటూ కిందికి, గని దగ్గరికి దిగి చెప్పాడు. పైన ఉన్నవాళ్లు చూస్తుండగానే కుంగుడు ఇరవై అడుగులయింది. కింద నుంచి వచ్చిన ఆదేశం, ఈ రోజు పోయొద్దు, క్రేన్‌ను వెనక్కి జరపండి, వచ్చే వారం కొత్త చోటు చూద్దాం అని. బడిని ఖాళీ చేయించమన్న మాట ఎవరికీ తట్టలేదు. క్రేన్ జరిపే ముందు కూలీలు గుడిసెలో టీ తాగడానికి కూర్చున్నారు. బయటికొచ్చిన ఒకడి కళ్లముందే కుంగిన గుట్ట పైకి లేచింది. ముందు మెల్లగా, తర్వాత ఒక్కసారిగా. తన కళ్లనే నమ్మలేకపోయానని అతను తర్వాత విచారణలో చెప్పాడు.

గుట్ట అడుగున ఊట నీరు నిండి, మట్టి కణాలను ఒకదాన్నొకటి పట్టుకోనివ్వలేదు. గోదారి ఒడ్డున తడి ఇసుకను కాలితో అదేపనిగా తొక్కితే, అప్పటిదాకా గట్టిగా ఉన్నది ఉన్నట్టుండి జావగా మారుతుంది చూడండి, అదే జరిగింది, గుట్టలోని 1,40,000 ఘనపు గజాల సరుకుకు. ఇరవై ముప్పై అడుగుల ఎత్తు నల్లటి అల కొండ దిగింది. దారిలో ఒక పొలం ఇంటిని, అందులోని మనుషులతో సహా, తుడిచేసింది. మంచులో ఎవరికీ ఏమీ కనబడలేదు, విమానం కూలుతున్నట్టు మోత మాత్రం వినబడింది.

తొమ్మిదింపావు. పిల్లలు ప్రార్థన ముగించి తరగతుల్లో కూర్చున్నారు, హాజరు పిలుస్తున్నారు. ఒక ఉద్యోగిని మధ్యాహ్న భోజనం డబ్బులు వసూలు చేస్తోంది. గోడ కూలుతుంటే ఆమె అయిదుగురు పిల్లల మీద పడుకుంది. పిల్లలు బతికారు, ఆమె బతకలేదు. అర్జీ మోసుకెళ్లిన ప్రధానోపాధ్యాయురాలు బళ్లోనే పోయింది. ఆ రోజు చనిపోయినవాళ్లు 144 మంది. అందులో 116 మంది పిల్లలు, ఎక్కువమంది ఏడు నుంచి పదేళ్ల లోపువాళ్లు. ఊళ్లో దాదాపు ఒక తరం లేకుండా పోయింది.

గనిలో ఉన్న తండ్రులు పైకొచ్చి తవ్వారు. అది వాళ్లకు తెలిసిన పని, జీవితమంతా చేసిన పని. తమ చేతులతో తీసి పైకి పంపిన సరుకులోంచే తమ పిల్లలను తవ్వి తీశారు. మధ్యమధ్యలో ఈల మోగేది, వందలమంది పారలు ఆపి ఊపిరి బిగబట్టేవాళ్లు, ఏదైనా గొంతు వినబడుతుందేమోనని. పదకొండు గంటల తర్వాత ప్రాణంతో ఒక్కరూ దొరకలేదు. అందరి శవాలూ దొరకడానికి వారం పట్టింది.

బొగ్గు బోర్డు అధ్యక్షుడు లార్డ్ రోబెన్స్ ఆ రోజు రాలేదు. సర్రే విశ్వవిద్యాలయం ఛాన్సలర్‌గా ఆయనకు పట్టాభిషేకం ఉంది, అది ముగించుకుని మర్నాడు వచ్చాడు. గుట్ట కింద ఊట ఉందని ఎవరికీ తెలియదన్నాడు. ఊరు ఊరంతా ఆ మాట విని ఊరుకోలేదు. మరణ విచారణలో బిడ్డ పేరు చదివి ఊపిరాడక మృతి అంటుంటే, కాదు, బొగ్గు బోర్డు సజీవంగా పాతిపెట్టింది అని రాయండి అని ఒక తండ్రి లేచి నిలబడ్డాడు.

జస్టిస్ ఎడ్మండ్ డేవిస్ నాయకత్వంలో 76 రోజులు విచారణ సాగింది. 1967 ఆగస్టులో నివేదిక వచ్చింది. నింద బొగ్గు బోర్డుదేనని, తొమ్మిది మంది ఉద్యోగుల పేర్లతో సహా తేల్చింది. దుర్మార్గం వల్ల కాదు, చేతకానితనం వల్ల, చెప్పిన మాట చేరాల్సిన చోటికి చేరకపోవడం వల్ల ఇంతా జరిగిందని దాని సారాంశం. ఫోన్ తీగ ఉన్నా బడి మిగిలేది కాదని కూడా ఆ నివేదికే చెప్పింది. నిజమే, ఆ ఉదయం ఫోన్ పలికినా ప్రయోజనం లేదు. పలకాల్సింది మూడేళ్ల ముందు.

ఒక్కరికీ శిక్ష పడలేదు. ఒక్కరి ఉద్యోగమూ పోలేదు. రోబెన్స్ రాజీనామా ఇస్తానన్నాడు, ప్రభుత్వం వద్దంది, 1971 దాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. బోర్డు బిడ్డకు 500 పౌండ్ల చొప్పున కట్టి చేతులు దులుపుకుంది. ఇక అసలు అవమానం మిగిలే ఉంది. ఊరి పైన మిగతా గుట్టలు అలాగే ఉన్నాయి. వాటిని తీసేయమని జనం అడిగితే ప్రమాదం లేదన్నారు. ఊరివాళ్లు బురదను సంచుల్లో నింపుకెళ్లి మంత్రి కార్యాలయం నేల మీద గుమ్మరించారు. అప్పుడు గుట్టలు తీయడానికి ఒప్పుకున్నారు, కానీ ఖర్చులో లక్షా యాభై వేల పౌండ్లు, పిల్లలు పోయిన కుటుంబాల కోసం ప్రపంచం పంపిన చందాల నిధి నుంచి లాక్కున్నారు. ఆ డబ్బు 1997లో తిరిగిచ్చారు, ముప్పై ఏళ్ల వడ్డీ లేకుండా. ఈ చావుల తర్వాతే 1969లో, గని గుట్టల భద్రతకు బ్రిటన్‌లో చట్టం వచ్చింది. అప్పటిదాకా బాయి లోపలికి వెయ్యి రూళ్లు, పైన పోసే గుట్టకు ఒక్కటీ లేదు.

మన దగ్గర రూళ్లున్నాయి. ఓబీ గుట్ట వాలు 37.5 డిగ్రీలు మించకూడదు, ముప్పై మీటర్లు దాటితే మెట్లు మెట్లుగా, అంటే బెంచీలుగా పోయాలి. పర్యావరణ అనుమతి ఇచ్చే కాగితాల్లో గార్లాండ్ డ్రెయిన్, పాదం దగ్గర రాతి గోడ, సెట్లింగ్ పాండ్ అన్నీ షరతులుగా ఉంటాయి. అయినా 2016 డిసెంబరు 29 రాత్రి జార్ఖండ్‌లోని గొడ్డా జిల్లా లాల్‌మటియాలో, రాజ్‌మహల్ ఓపెన్‌కాస్టులో గుట్ట జారింది. 300 మీటర్ల పొడవు, 110 మీటర్ల వెడల్పు నేల 35 మీటర్లు కిందికి కుంగిందని, 95 లక్షల ఘనపు మీటర్ల మట్టి కదిలిందని ఆ గని కంపెనీయే చెప్పింది. 23 మంది చనిపోయారు. వాళ్లంతా కాంట్రాక్టు కార్మికులు. వాన కాలం కూడా కాదు.

నీళ్ల సంగతి సింగరేణికి కొత్తేమీ కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మందిని పొట్టన పెట్టుకున్నాయి. అది భూగర్భంలో, గుట్ట మీద కాదు. అయినా తట్టా చెమ్మస్ మోసిన పాత కార్మికుడిని ఎవరినైనా అడగండి, పైకప్పు కంటే నీటికే ఎక్కువ భయపడతామంటాడు. కప్పు కూలే ముందు చప్పుడు చేస్తుంది. నీరు చేయదు.

జారడం మొదలైన గుట్టను నిలబెట్టడం ఎలా? మామూలుగా తట్టే మొదటి ఆలోచన, కింద ఉన్న మడుగును వెంటనే తోడి పారెయ్యడం. అదే ప్రమాదం. మడుగులో నీరు గుట్ట పాదాన్ని బయట నుంచి నెట్టి పట్టుకుంటుంది. నీటిని గబగబా తీసేస్తే ఆ ఊతం పోతుంది, కానీ గుట్ట లోపల నానిన నీరు అలాగే ఉంటుంది. అప్పుడు వాలు మొత్తం మడుగులోకి కూలుతుంది. చెరువు ఉన్నపళంగా ఖాళీ అయినప్పుడు లోపలివైపు కట్ట జారేది ఇందుకే. నీటిని మెల్లగా, రోజుకు ఇంత అని లెక్కతో దించాలి. ఆలోగా పైనుంచి వచ్చే నీటిని పక్కకు మళ్లించాలి, గుట్ట పైభాగంలో బరువు తగ్గించాలి. పాదం దగ్గర బండరాళ్లు పేర్చాలి, నీటిని బయటికి వదిలే రాళ్లు, మట్టి కాదు. మట్టితో అదిమితే నీరు లోపలే చిక్కుకుంటుంది. గుట్ట కడుపులోకి అడ్డంగా చిల్లులుగల గొట్టాలు దించి ఊటను బయటికి రప్పించాలి. ఆ తర్వాత వాలును పడుకోబెట్టి, బెంచీలు కట్టి, వట్టివేరు లాంటి లోతు వేళ్ల గడ్డి నాటాలి. పగులు వెడల్పు పెరుగుతోందా లేదా అని రోజూ కొలవాలి. ఇప్పుడు మిల్లీమీటరు కదిలినా పట్టే రాడార్లు వచ్చాయి. కానీ రెండు వైపులా రెండు మేకులు కొట్టి, పొద్దున సాయంత్రం టేపుతో కొలిచి పుస్తకంలో రాసినా చాలావరకు తెలుస్తుంది. ఖరీదైన పరికరం లేక ఎక్కడా గుట్ట జారలేదు. చదివిన అంకె మీద పని ఆపే అధికారం, చదివినవాడికి లేక జారింది.

కాకతీయుల కాలంలో కట్ట కట్టినవాడు నీటికి దారి ముందు చూసేవాడు. తూము ఎక్కడ, మత్తడి ఎక్కడ అని తేల్చాకే మట్టి పోసేవాడు. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడిని ఇసుక పునాది మీద నిలబెట్టినవాళ్లు నేలను ఎంత చదివారో ఇవాళ ఇంజినీరింగు కాలేజీల్లో పాఠంగా చెబుతున్నారు. ఆ గుడికి దగ్గర్లో ఓపెన్‌కాస్టు తవ్వాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు వరంగల్‌లో గట్టిగా అభ్యంతరాలు లేచాయి. మంచిదే. గుడికి గొంతున్నవాళ్లు దొరికారు, యునెస్కో గుర్తింపు కూడా 2021లో వచ్చింది. ఓబీ గుట్ట కింద ఉన్న ఊరికి, ఆ ఊరి బడికి అంత పేరు లేదు.

సింగరేణిని అడగాల్సింది పెద్దదేమీ కాదు. ప్రతి గుట్ట వాలు ఎంత, సెట్లింగ్ పాండ్‌లో పూడిక ఎప్పుడు తీశారు, పగుళ్ల కొలతలేమిటి అనే మూడు ముక్కలు, వానకాలంలో వారానికోసారి, ఆ గుట్ట కింది గ్రామ పంచాయతీ గోడ మీద రాసి పెట్టమనండి. గుట్టలున్న ఊళ్లలోవాళ్లకు ఒక మాట. పాదం దగ్గర కొత్తగా ఊట కనబడినా, చెట్లో కరెంటు స్తంభాలో వంగినా, గుట్ట పైన అర్ధచంద్రాకారంగా పగులు వచ్చినా, మడుగు నీరు వాన లేకుండా బురదగా మారినా, నోటితో చెప్పి ఊరుకోవద్దు. గని మేనేజరుకు, తహసీల్దారుకు, గనుల భద్రత డైరెక్టరేట్‌కు అర్జీ రాయండి. అబర్‌వాన్‌లో నేరం బోర్డుదేనని తేలింది 1963, 1964, 1965 తేదీలతో కాగితాలు దొరకబట్టే. మీ కాగితం వానకు ముందే పని చేయాలి. తేదీ వేయండి, రసీదు తీసుకోండి, రసీదు ఇవ్వనంటే స్పీడ్ పోస్టులో పంపండి.